గోలు లేని బంతాట

క్యోటో,
ఏప్రిల్ 15

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ఫుట్‌బాల్‌ను ఇంగ్లీషువాళ్ల కంటే వెయ్యేళ్లు ముందే జపాన్‌వాళ్లు కనిపెట్టారని నీవు అంత పట్టుగా వాదించావు కనుక, నిన్న షిరామినే ఆలయంలో కెమారి అనే పాతకాలపు జపాన్ బంతాటను కళ్లారా చూసి వచ్చి మరీ జవాబు రాస్తున్నాను. నీ వాదం నిలవదు, రఘూ. అయినా అసలు కథ నీ వాదం కంటే బాగుంది.

ముందు ఆ బంతి సంగతి చెప్పాలి. రెండు జింకతోలు ముక్కలను గుర్రపుతోలు పట్టీతో కలిపి కుట్టి, లోపల బార్లీ గింజలు కూరి గుండ్రంగా తీర్చి, ఆ పైన గింజలన్నీ తీసేస్తారు. కాబట్టి లోపల గాలి తప్ప మరేమీ ఉండదు. బరువు సుమారు 150 గ్రాములు, అంటే నేటి ఫుట్‌బాల్‌లో మూడోవంతు. తన్నినప్పుడు అది దూసుకుపోదు, తేలుతున్నట్టు పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది. పొడవాటి చేతుల పట్టు దుస్తులు, నల్లని టోపీలు ధరించిన ఎనిమిది మంది వలయంగా నిలబడి, నడుము వంచకుండా, కుడికాలితో మాత్రమే దానిని నేలకు తగలనివ్వకుండా తన్నుతారు. మొదటి తన్నుతో అందుకోవాలి, రెండోది తన కోసం, మూడోది పక్కవాడికి. పక్కవాడు సులువుగా అందుకునేలా పంపడమే గొప్పతనం. గోలు లేదు, గెలుపు లేదు. మైదానం నాలుగు మూలలా చెర్రీ, విల్లో, మేపుల్, పైన్ చెట్లు నాటడం ఆచారం. తన్నేవారు "అరి", "యా", "ఓ" అని కేకలు వేస్తారు. అవి బంతికి అధిదేవతలైన ముగ్గురి పేర్ల నుంచి వచ్చాయట.

ఈ ఆట చైనా నుంచి వచ్చింది. క్రీ.శ. 644లో ఒక బంతాటలో యువరాజు నాకా నో ఓయె కాలి చెప్పు ఊడి ఎగిరిపడితే, కమతారి అనే ఆయన దానిని రెండు చేతులా పట్టుకుని మోకరిల్లి అందించాడని పాత చరిత్రలో ఉంది. అలా కుదిరిన స్నేహమే మరుసటి ఏడాది, అప్పట్లో ఆస్థానంలో పెత్తనం చేస్తున్న సోగా వంశాన్ని కూలదోసింది. (అది కాలితో ఆడినదా, కర్రతో ఆడినదా అని పండితులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు.) ఆ తర్వాత ఆస్థానంలో స్థిరపడిన కెమారి, మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) కనుమరుగయ్యే దశకు వస్తే, 1903లో దాని పరిరక్షణకు ఒక సంఘం ఏర్పడింది.

ఫుట్‌బాల్ మాత్రం 1873లో ఇంగ్లీషు నౌకాదళ అధికారుల వెంట జపాన్‌కు వచ్చింది. దాని నియమాల్లో కెమారి జాడ నాకు కనబడలేదు. బంధమంతా భక్తిలోనే ఉంది. కెమారి గురువులైన అసుకాయ్ కుటుంబం ఇంటి స్థలంలోనే ఈ షిరామినే ఆలయం వెలసింది. వారు కొలిచిన బంతి దేవుడికి నేడు ఫుట్‌బాల్ ఆటగాళ్లు వచ్చి మొక్కుకుంటున్నారు. మొక్కుగా సమర్పించిన ఫుట్‌బాల్‌లు, వాలీబాల్‌లు మండపంలో వరుసగా పేర్చి ఉన్నాయి. చెమట, రబ్బరు వాసన వేసే ఆ బంతుల పక్కనే, ఆ పట్టుబట్టలవాళ్లు గాలిలో బంతిని నిలబెడుతున్నారు. నేను అరగంట అక్కడే నిలబడిపోయాను.

మీవాడి కోసం అక్కడి రక్షరేకు ఒకటి కొని ఈ కవరులోనే పెట్టాను. వాడు ఎడమకాలి ఆటగాడన్న సంగతి మాత్రం ఆ దేవుడికి చెప్పలేదు.

నీ
మాధవ్