సేటు వ్యాపారం ఆగితే మా మిషన్లూ ఆగాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రాయదుర్గంలో 14 మిషన్లు పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుట్టించే జాబ్‌వర్క్ కాంట్రాక్టరును. బట్ట నాది కాదు, బ్రాండూ నాది కాదు. బళ్లారి నుంచి సేటు కటింగ్ చేసిన ముక్కలు మూటలు కట్టి పంపిస్తాడు, మేం కుట్టి వాషింగ్‌కు పంపిస్తాం, పీసుకు ఇంత అని లెక్క. మా ఊళ్లో ఇలా బతికే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి నాకు జరిగింది ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఆరేళ్లు ఒకే సేటుకు కుట్టాను. మనిషి మంచివాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. సరుకు ఎత్తుకున్న దుకాణాలవాళ్లు డబ్బులు ఆపేశారు, రెండు పెద్ద పార్టీలు ఆన్‌లైన్ రేట్లు చూపించి అసలు సరుకే వద్దన్నాయి, దాంతో ఆయనకు చెయ్యి ఆడలేదు. నిజానికి పోయినేడు దసరా ముందు నుంచే తెలుస్తూ ఉంది. 600 పీసుల లాట్ 250కి పడిపోయింది, జిప్పులు ఒకరోజు వస్తే బటన్లు ఇంకోరోజు వచ్చేవి, ప్రతి శనివారం పడే డబ్బు సోమవారానికి పోయింది, తర్వాత వచ్చే వారం చూద్దాం అన్నాడు. ఇదంతా కళ్లారా చూస్తూ కూడా నేను ఇంకోచోట పని అడగలేదు, ఆయనకు తెలిస్తే ఉన్నది కూడా పోతుందని భయం. అదే నేను చేసిన తప్పు. సంక్రాంతి అయ్యాక ఫోన్ చేసి "ఇంక నడపలేనప్పా, నువ్వు వేరే చూసుకో" అన్నాడు. అప్పటికి నాకు రావాల్సింది 1,86,000 రూపాయలు.

ఆ శనివారం ఉన్నంతలో అందరికీ సర్ది ఇచ్చాను. బెల్టు లూపులు కుట్టే అమ్మాయి డబ్బు తీసుకుని వెళ్లకుండా గడప దగ్గరే నిలబడి, "అన్నా, సోమవారం రావాలా వద్దా, అదొక్కటి చెప్పు" అంది. రమ్మన్నాను, పని లేకపోయినా. ఎందుకంటే చెయ్యి తిరిగిన టైలర్ ఒకసారి పక్క యూనిట్‌లో అడ్వాన్స్ తీసుకున్నాడంటే మళ్లీ మన దగ్గరికి రాడు, రేపు పని దొరికినా కుట్టేవాళ్లు ఉండరు.

మొదటి మూడు రోజులు బళ్లారిలో దుకాణం దుకాణం తిరిగాను. అందరూ నంబర్ రాసిచ్చి వెళ్లమన్నవాళ్లే, పిలిచినవాళ్లు లేరు. దారి చూపించింది వాషింగ్ యూనిట్ ఆయన. ఎవరి సరుకు జోరుగా వస్తోంది, ఎవరి లాట్లు కుట్టు దగ్గర ఆలస్యం అవుతున్నాయి అనేది ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆయన చెప్పిన వ్యాపారి దగ్గరికి మేం కుట్టిన రెండు ప్యాంట్లు తీసుకుపోయాను. ఆయన నాతో మాట్లాడకుండా ప్యాంటు లోపలివైపు తిప్పి, జేబు సంచి కుట్టు లాగి చూసి, రెండు కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట రెండు బొటనవేళ్లతో గట్టిగా చీల్చబోయాడు. కుట్టు కదల్లేదు. 120 పీసులు ట్రయల్ ఇచ్చాడు. రేటు పాతదానికంటే 3 రూపాయలు తక్కువ, అయినా ఒప్పుకున్నాను, కానీ డబ్బు మాత్రం వారం వారం ఇవ్వాలని అప్పుడే చెప్పేశాను. బడులు తెరిచే ముందు కళ్యాణదుర్గం నుంచి స్కూల్ యూనిఫాం పని కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరి పనీ నా మిషన్లలో సగానికి మించి పెట్టను, ఎంత మంచి సేటు అయినా సరే.

పాత బాకీ గురించి ఒక వకీలు గారిని అడిగితే తెలిసిన సంగతులు మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మనలాంటి చిన్న యూనిట్‌కు ఒప్పందంలో ఎంత గడువు ఉన్నా 45 రోజుల లోపు డబ్బు ఇచ్చి తీరాలట, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇవ్వకపోతే ఇలాంటి బాకీల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, పార్టీ కర్ణాటకలో ఉన్నా మనం ఉన్న రాష్ట్రంలోనే ఫిర్యాదు చేయొచ్చు, మాకైతే ఇది చాలా పెద్ద మాట. కానీ ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే మన యూనిట్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం, పని ఒప్పుకోవడానికి ముందే చేయించుకుని ఉంటే మంచిది. అది 2020 నుంచి ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితమే, నేనే చేయించుకోలేదు. ఇంకొకటి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా లేకపోతే, మనం కుట్టిన సరుకుకు కూలి ఇచ్చేదాకా ఆ సరుకు మన దగ్గరే ఉంచుకోవచ్చు. సేటు ఫోన్ చేసిన రోజు నా దగ్గర తయారైన పీసులు 320 ఉన్నాయి. మర్నాడే ఆటోలో వేసి పంపించేశాను. ఆయన ఇప్పటిదాకా 20,000 ఇచ్చాడు.

పరిశ్రమల శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి. ఉద్యం రిజిస్ట్రేషన్, బాకీల ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే శిబిరం ఒకటి రాయదుర్గంలోనే పెట్టండి, అనంతపురం రమ్మంటే ఒక రోజు పని పోతుంది. శనివారం మాత్రం వద్దు, అది మాకు కూలి లెక్కలు చూసే రోజు. ఆదివారం పొద్దున అయితే టైలర్లను కూడా వెంటబెట్టుకుని వస్తాం.

ఇట్లు,
ఒక జాబ్‌వర్క్ కాంట్రాక్టర్,
రాయదుర్గం, అనంతపురం జిల్లా