ఫైబర్ పని సీసాలపై తెలుగులో పేర్లు ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ రేవుపై దాడికి వెళ్లిన మన నౌకాదళపు నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే క్షిపణి పడవలలో ఒకదాని నమూనాను చేసి వడ్డేపల్లి చెరువులో వదలాలని మా మనుమడు పట్టుబట్టడంతో, పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఉద్యోగ విరమణ చేసిన నేను నిరుడు వేసవిలో ఫైబర్‌గ్లాస్ పనికి దిగాను. 38.6 మీటర్ల పడవను యాభైయో వంతుకు కుదిస్తే పొడవు 77 సెంటీమీటర్లు వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక బరువును మాత్రం యాభైతో మూడుసార్లు భాగించాలి; అలా రెండు వందల పైచిలుకు టన్నులు రెండు కిలోల లోపుకు దిగుతాయి. మోటార్లు, బ్యాటరీ కూడా అందులోనే ఇమడాలి. చెక్క తొలిచే ఆలోచన అక్కడితో మానుకున్నాను.

చెక్క దిమ్మపై అచ్చు తీసి, మైనం రుద్ది, పై నునుపు పొరగా నిలిచే జెల్‌కోటు పూసి, ఆపైన రెజిన్ అనే జిగురు ద్రవంతో తడిపిన గాజునార మ్యాటు రెండు పొరలు పరిచాను. మ్యాటును కత్తెరతో కత్తిరించడం కంటే చేత్తో చింపడమే మేలు; చిరుగు అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది. పడవ ముక్కు దగ్గరి ఇరుకు మడతలో మాత్రం అది ఎంత అదిమినా పైకి లేస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం తొందరలో అర లీటరు రెజిన్‌లో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను ఉజ్జాయింపుగా పోశాను. సాధారణంగా అది నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు. మే నెల ఎండకు తోడు రెజిన్ అంతా ఒకేచోట ఉండటంతో వేడి పెరిగి, ప్లాస్టిక్ మగ్గు పొగలు కక్కుతూ కరిగిపోయింది. అది నా తప్పే.

అయితే దుకాణంవారు రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే ఊదారంగు కోబాల్టు ద్రవాన్ని, నీళ్లలా కనిపించే హార్డెనర్‌ను పేరైనా రాయని సీసాలలో పోసి, ఒకే సంచిలో పెట్టి ఇచ్చారు. కోబాల్టును ముందుగా రెజిన్‌లో బాగా కలిపిన తరువాతే హార్డెనర్ చేర్చాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేచి పేలే ప్రమాదం ఉంది. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వర్క్‌షాపులో పనిచేసిన నాకు ఇది తెలుసు గాని, విగ్రహాలు పోసే కుర్రవాళ్లకు, ప్రాజెక్టుల కోసం కొనే విద్యార్థులకు ఎవరు చెబుతారు? ఈ సీసాలపై పేరు, మోతాదు, హెచ్చరిక తెలుగులో ఉండేలా అధికారులు చూడాలని, మీ పత్రిక ఈ విషయంపై ఒక కథనం ప్రచురించాలని కోరుతున్నాను.

నేనైతే రెండు సీసాలపై మార్కర్‌తో పేర్లు రాసి వేర్వేరు అలమరలలో పెట్టుకున్నాను. మొన్న మ్యాటు కోసం వెళ్లినప్పుడు కూడా ఆ దుకాణంలో అవి ఒకే గూటిలో కనిపించాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ