ఎముకల పాఠం బట్టీకేనా?

మన బడుల్లో ఎముకల పాఠం పేర్లు బట్టీ పట్టడంతోనే ముగిసిపోతోంది. మా మహబూబ్‌నగర్ వైపు సైన్స్ ఫెయిర్లలో చూస్తున్నా, ప్లాస్టిక్ అస్థిపంజరం పక్కన నిలబడి హ్యూమరస్, అల్నా అని గడగడా చెప్పే పిల్లలు, ఆ ఎముకను బట్టి జంతువు ఎట్లా బతికిందో చెప్పమంటే టీచర్ మొహం చూస్తారు. అంతరించిన జంతువుల నడక, తిండి తెలిసేది అక్కడే కదా! మోచేతి వెనక పొడుచుకొచ్చే భాగం పొడవుగా ఉంటే కండరానికి బలం ఎక్కువ, మట్టి తవ్వే జంతువు కావచ్చు. పాదపుటెముకలు సన్నగా, పొడవుగా ఉంటే పరుగుకు అనువు. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూకశ్మీర్‌లో సేకరించిన రాళ్లలో బయటపడ్డ ఇండోహ్యూస్ అనే అంతరించిన జంతువు పిల్లి అంత ఉండేది. దాని కాలి ఎముకల గోడలు నీళ్లలో తేలిపోకుండా బరువునిచ్చేంత మందంగా ఉన్నాయి కాబట్టే, అది నీళ్లలో తిరిగేదని 2007లో శాస్త్రవేత్తలు చెప్పగలిగారు. తిమింగలాలకు దగ్గరి చుట్టమట, నమ్మబుద్ధి కాదు! ఒక్క ఎముకతోనే తీర్పు చెప్పలేం, పళ్లూ చూడాలి, అది వేరే సంగతి. పశుసంవర్ధక శాఖ సాయంతో శుభ్రం చేసిన మేక, కుక్క, పందికొక్కు కాళ్ల ఎముకలను పిల్లలమర్రి మ్యూజియంలో పక్కపక్కన పెట్టి, పిల్లలు చేత్తో పట్టుకుని పోల్చుకునే వీలు కల్పించాలి. దూరపు మండలాల బడులకు 3డీ ప్రింట్ నమూనాలు పంపినా చాలు.

– ఒక రిటైర్డ్ టీచర్, జడ్చర్ల