స్టీలు క్యారేజీలు: వైట్‌ఫీల్డ్ వెళ్లేముందు మీతో ఓ మాట

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల మా మెస్ భోజనం తెప్పించుకునే అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ డబ్బాలు మానేసి స్టీలు క్యారేజీల్లో పంపుతున్నాం కదా, ఆ పని మొదటి విడత పూర్తయింది. తర్వాత వైట్‌ఫీల్డ్ వైపు మొదలుపెట్టాలి. కానీ మీతో, వంటింటి అక్కలతో, డెలివరీ కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడాకే కొత్త క్యారేజీలు కొంటాను.

2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు నిషేధించారు. కూరల డబ్బాలు ఆ జాబితాలో లేవు. అయినా పొగలు కక్కే చారు ప్లాస్టిక్‌లో పోయడానికి నాకు మనసొప్పదు.

భోజనం బాగా అందుతోందని చాలామంది అన్నారు. సంతోషం. ఇబ్బంది ఉన్నది కడగడం దగ్గర. రాత్రంతా ఎండిన ముద్దపప్పు వేడినీళ్లలో నానబెట్టి తోమితే గానీ వదలదు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎలా ఎదురుచూశామో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ తాగునీటి పథకం ప్రారంభమైంది నిజమే, అయినా నీళ్లు ధారాళంగా పారబోసే ధైర్యం నాకింకా రాలేదు. తిన్న వెంటనే కాసిని నీళ్లు పోసి జాడించి ఇస్తే మాకెంతో మేలు.

ఇంకో మాట శాకాహారుల ఇళ్ల నుంచి వచ్చింది. "నిన్న చేపల పులుసు వెళ్లిన క్యారేజీలోనే ఇవాళ మాకు పప్పు వస్తోందా?" అని ఒకావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఎంత తోమినా మూత లోపలి రబ్బరు రింగుకి పులుసు వాసన పట్టుకునే ఉంటుంది. శాకాహారానికి వేరే క్యారేజీలు, వాటికి ఆకుపచ్చ రింగులు పెడతాం. కడిగే తొట్టి కూడా వేరే. ఖర్చు పెరుగుతుంది కానీ ఈ విషయంలో రాజీ పడను. ఇది కుదిరేదాకా రెండో విడత మొదలుకాదు.

డిపాజిట్ సంగతి మాత్రం మీరే తేల్చాలి. పీజీల్లో ఉండే పిల్లలు గది మారినప్పుడు క్యారేజీ తిరిగి రావడం కష్టమవుతోంది. అలాగని నెల జీతంతో నెట్టుకొచ్చే కుర్రాడి దగ్గర ముందే పెద్ద మొత్తం తీసుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు. నెల బిల్లులో కొంచెం కొంచెంగా కలిపితే ఎలా ఉంటుంది?

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్‌లోనే కూర్చుందాం. వాచ్‌మన్ గది దగ్గర క్యారేజీలు పెట్టనివ్వని అపార్ట్‌మెంట్ల వాళ్లు తప్పకుండా రండి, మీ అసోసియేషన్ వాళ్లతో మాట్లాడాల్సింది ఉంది. రాలేనివాళ్లు చీటీ మీద రాసి ఖాళీ క్యారేజీతో పంపండి. వైట్‌ఫీల్డ్ ఆర్డర్లు రెండో విడత మొదలయ్యేదాకా పాత డబ్బాల్లోనే వస్తాయి.