పిన్నికి, మాస్టారికి, కథ విన్న అందరికీ

నా దెయ్యం కథ పూర్తయింది. చదివి ఫోన్లు చేస్తున్న వాళ్లందరికీ ధన్యవాదాలు. కానీ అది నా ఒక్కడి వల్ల అయిన పని కాదు. ఎవరెవరి చలవో చెప్పుకోవాలి.

1990ల్లో పల్నాడులో పెరిగినవాళ్లకు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అన్న రాత గుర్తుండే ఉంటుంది. ఆడదెయ్యం రాత్రిళ్లు వచ్చి మనవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే ప్రాణం పోతుందనీ చెప్పుకునేవాళ్లు. రాత చూస్తే మర్నాడు వద్దామని వెళ్లిపోతుందట. మా తలుపు మీద బొగ్గుతో రాశారు. 'స్త్రీ'కి వత్తులు పట్టక గొళ్లెం దాకా దిగాయి.

ఆ ఏడే మా అమ్మ పోయింది. నాకు ఆరేళ్లు. "అమ్మ ఊరెళ్లింది, వస్తుంది" అన్నారు ఇంట్లో. మరి రాత్రిపూట వచ్చి పిలిస్తే? పలికితే చచ్చిపోతాను. పలక్కపోతే, ఆ రాత చదువుకుని అమ్మ వెనక్కెళ్లిపోతుంది. ఇది ఎవరితోనూ అనలేదు. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా, రాత్రి ఎవరైనా తలుపు కొడితే నాకు ఒళ్లు చల్లబడేది.

ముందుగా మా కౌన్సెలర్ గారికి నమస్కారాలు. ఆ వయసు పిల్లలకు చావంటే ఇక తిరిగి రాకపోవడమని పూర్తిగా అర్థం కాదనీ, ఊరెళ్లిందంటే నిజంగానే ఎదురుచూస్తారనీ ఆవిడ చెప్పాకే నా భయానికి మూలం తెలిసింది. (ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియని వాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.)

తర్వాత మా తెలుగు మాస్టారు. మొదట రాసిందాంట్లో విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు, అన్నీ పెట్టాను. మాస్టారు ఓపిగ్గా చదివి, "ఇది ఊరందరి దెయ్యంరా. నీ దెయ్యం నిన్నేమని పిలుస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అమ్మ గొంతు నాకు గుర్తులేదు.

పిన్నికి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అచ్చం వాళ్లక్క పిలిచినట్టే పిలిచింది: "చిన్నోడా, అన్నం చల్లారిపోతందిరా!" ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత అమ్మ కోపం, బల్లిని చూస్తే పెట్టే కేకలు, అష్టాచెమ్మాలో చేసే తొండి, అన్నీ చెప్పుకొచ్చింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట. పిల్లాడు బాధపడతాడని వాళ్లూ, పెద్దవాళ్లు బాధపడతారని నేనూ నోరు మెదపలేదు.

కథలో పిల్లాడు తలుపు తీస్తాడు. అది నేను రాయగలిగానంటే పిన్ని వల్లే.

అర్ధరాత్రి దాకా కూర్చుని విన్న మిత్రులకూ, టైపు చేసిపెట్టిన మా చెల్లికీ రుణపడి ఉంటాను. పిన్నీ, సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని వస్తున్నా. అమ్మ సంగతులు ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ వాళ్లక్కూడా చెప్పాలి నువ్వు.