ఫోను మార్చేముందు కోడ్‌ల సంగతి చూసుకోండి

సంపాదకులకు,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజులొచ్చాయంటే నెల్లూరు, కావలి, ఆత్మకూరు నెట్ సెంటర్లలో ఒకటే మాట: పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్‌కు అడిగే కోడే (ఓటీపీ) పట్టడం లేదు. అందరూ నెట్‌వర్క్‌ను తిడతారు గానీ చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు.

మెసేజ్ ఆలస్యమైతే ‘రీసెండ్’ను పదేపదే నొక్కుతారు. కొత్త కోడ్ అడగ్గానే చాలా సైట్లలో పాతది చెల్లదు. పిల్లవాడు సెంటర్లో మూడుసార్లు నొక్కుతాడు. ఇందుకూరుపేటలో రొయ్యల గుంట గట్టున ఉన్న తండ్రి ఫోనులో మూడు మెసేజ్‌లూ ఒక్కసారే పడతాయి. ఆయన పైదో కిందిదో ఏదో ఒకటి చదివి చెబుతాడు, అది తప్పవుతుంది. ఒక్కసారి నొక్కి రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే మెసేజ్‌ల యాప్‌లో ‘స్పామ్ అండ్ బ్లాక్డ్’ తెరిచి చూడండి, సిమ్ రీఛార్జి గడువు చూడండి. డూప్లికేట్ సిమ్ తీసుకున్నవారికి మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు. మన నంబరు మీద ఇంకొకడు సిమ్ తీసుకుంటే కోడ్‌లు వాడికి పోకుండా పెట్టిన కట్టడి అది. ఆ రోజు ఫోను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

లాగిన్ కోడ్‌ను ఫోనులోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ సంగతి వేరు. దాని ఆరంకెల కోడ్‌కు సిగ్నల్ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. యాప్‌లో దాగిన రహస్య సంఖ్యను, ఫోను గడియారాన్ని కలిపి 30 సెకన్లకొకసారి లెక్కగడుతుంది. అవతల సర్వరూ అదే లెక్క వేసి సరిచూసుకుంటుంది. గడియారం రెండు మూడు నిమిషాలు అటూఇటైతే ఇక ఏ కోడ్ కొట్టినా తప్పే. ఆటల్లో లైఫులు త్వరగా రావాలని పిల్లలు టైము ముందుకు జరిపే ఫోన్లలో ఇది మామూలే. కువైట్ నుంచి వచ్చినవారి ఫోన్లలో ఇంకో తిరకాసు ఉంది. టైమ్ జోన్ కువైట్‌దే ఉంచేసి, టైము మాత్రం చేత్తో రెండున్నర గంటలు ముందుకు పెడతారు. తెరమీద మన టైమే కనబడుతుంది, లోపలి లెక్క రెండున్నర గంటలు తప్పి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘డేట్ అండ్ టైమ్’కు వెళ్లి టైమూ జోనూ రెండూ ఆటోమేటిక్ చేస్తే అక్కడికక్కడే సరిపోతుంది.

అసలు నష్టం పాత ఫోను ఇచ్చి కొత్తది తీసుకునే ఎక్స్‌ఛేంజిలో జరుగుతోంది. కొత్త ఫోనులో యాప్ వేసుకుంటే కోడ్‌లు వాటంతటవే వస్తాయనుకుంటారు, చాలామందికి వచ్చేది ఖాళీ యాపే. పాత ఫోను చేతిలో ఉండగానే గూగుల్ ఆథెంటికేటర్‌లో ‘ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్’, తర్వాత ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి, వచ్చిన క్యూఆర్‌ను కొత్త ఫోనుతో స్కాన్ చేయాలి. 2023 నుంచి గూగుల్ ఖాతాకు సింక్ చేసుకునే వీలూ ఉంది. కానీ ఆ ఖాతాలోకి పోవడానికే యాప్ కోడ్ అడిగితే, తాళంచెవిని పెట్టెలో వేసి పెట్టెకు తాళం బిగించినట్టే. దీనికి విరుగుడు బ్యాకప్ కోడ్‌లు, అంటే యాప్ కోడ్‌కు బదులుగా కొట్టేందుకు ముందే తీసిపెట్టుకునేవి. గూగుల్ ఖాతాలో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ కింద పది ఇస్తారు. ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కొత్త సెట్టు తీస్తే పాత కాగితం చెల్లదు. ఫొటో తీసి అదే ఫోనులో దాచుకుంటే ఏం ప్రయోజనం? ప్రింటు తీసి పట్టాదారు పాస్‌బుక్కు ఉండేచోట పెట్టండి.

వాట్సాప్ కొత్త ఫోనులో ఆరంకెలు రెండుసార్లు అడగొచ్చు. మొదటిది మెసేజ్‌లో వచ్చేది, రెండోది ఎప్పుడో మనం పెట్టుకున్న పిన్. ఒకదాని చోట ఇంకోటి కొట్టి తంటాలు పడుతుంటారు. పిన్ మరిచిపోయి, ఈమెయిల్ కూడా ఇచ్చి ఉండకపోతే ఏడు రోజులు ఆగాల్సిందే.

నెట్ సెంటర్ల వారికో మనవి. పని త్వరగా అవుతుందని దరఖాస్తుల్లో మీ నంబరు వేయకండి. ఏడాది తర్వాత రెన్యువల్‌కు కోడ్ మీ ఫోనుకొస్తుంది, అప్పటికి ఆ నంబరు ఉంటుందో లేదో. సెంటర్ కంప్యూటర్లో ‘డోంట్ ఆస్క్ ఎగైన్ ఆన్ దిస్ డివైజ్’ దగ్గర టిక్కు ఉంటే తీసేయండి, పని కాగానే సైన్ అవుట్ చేయించండి. కన్నకొడుక్కి కోడ్ చదివి చెప్పడం వేరు, బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసినవాడికి చెప్పడం వేరు. అలా చెప్పేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మొబైల్ షాపుల వారు పాత ఫోనును రీసెట్ కొట్టేముందు, ఆథెంటికేటర్ ఉందా, కొత్త ఫోనులోకి మార్చుకున్నారా అని కొనేవారిని అడగాలి. ఫొటోలు, కాంటాక్టులు ఎక్కించడానికి ఎలాగూ కూర్చోబెడతారు, ఈ పనీ అప్పుడే అయిపోతుంది.

- కంప్యూటర్ శిక్షకులు, నెల్లూరు