డీజే పెట్టెల ముందు పసిపాప

సంపాదకులకు,

ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో డోలు వాయిస్తున్నాను. మొన్న వన్‌టౌన్‌ ఊరేగింపులో ఒకాయన రెండేళ్ల పాపను భుజాన ఎక్కించుకుని సరిగ్గా డీజే పెట్టెల ముందు నిలబడ్డాడు. పాప చెవులు మూసుకుని ఏడుస్తోంది. పక్కకు తీసుకెళ్లమని నేనే బతిమాలాను. నా ఎడమ చెవిలో ఆరేళ్లుగా కీచుమనే మోత ఆగడం లేదు, రాత్రిళ్లయితే మరీను. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, పోతే మళ్లీ రావని డాక్టరు చెప్పారు. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు తట్టుకునే చెవికి 100 దగ్గర 15 నిమిషాలే గడువట! ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 అని 2000 నాటి నిబంధనల్లోనే ఉంది. నా శిష్యులకు స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనిస్తున్నాను. ఊరేగింపుకు అనుమతిచ్చేటప్పుడే అధికారులు సౌండు కొలవాలి, పెట్టెల దగ్గరికి పిల్లల్ని రానివ్వకూడదు.

- ఒక డోలు కళాకారుడు, సత్యనారాయణపురం, విజయవాడ